మేపుల్ ఆకులెందుకు, చోడి కంకులుండగా

విజయనగరంలో మేపుల్ చెట్టు లేదు. మేపుల్ ఆకుల దండలు మాత్రం సెప్టెంబరు దాటగానే దిగిపోతున్నాయి. కొరియర్ అబ్బాయి ఇచ్చి వెళ్ళిన అట్టపెట్టె విప్పితే ఎరుపు, నారింజ రంగుల గుడ్డ ఆకులు, వాటికి ప్లాస్టిక్ కాడలు, రంగేసిన థర్మోకోల్ గుమ్మడికాయలు, ఓ మైనం కొవ్వొత్తి. డైనింగ్ టేబుల్ మధ్యలో పరిచి ఫోటో తీసుకోవడానికి ఇదంతా ఒక సెట్టు. మా వీధిలోనే ఇలాంటివి రెండు మూడిళ్ళలో చూశాను. ఒకరికి డాలస్‌లో ఉన్న కూతురు పంపింది. మిగతావాళ్ళు ఫోన్లో చూసి తెప్పించుకున్నారు.

ఆ ఆకుల మీద నాకు కోపం ఏమీ లేదు. అవి పుట్టిన దేశంలో వాటికో లెక్క ఉంది. అక్కడ పగలు కురచై, చలి మొదలయ్యేసరికి చెట్టు ఆకులోని పచ్చదనాన్ని విరగ్గొట్టి లోపలికి లాక్కుంటుంది. అప్పటిదాకా ఆ పచ్చదనం చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. కొన్ని జాతుల్లో ఎరుపు కొత్తగా తయారవుతుంది. కొద్ది వారాల్లో ఆకులన్నీ రాలిపోతాయి, ఆ తర్వాత మంచు. అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్ గివింగ్ భోజనాల వేళకి పొలం పనులు ముగిసి గాదెలు నిండి ఉంటాయి. ఆ బల్ల మీద గుమ్మడికాయ, మొక్కజొన్న పొత్తు, ఎండాకు పెట్టుకోవడంలో వింతేముంది? కిటికీలోంచి కనిపించేదాన్నే బల్ల మీదకి తెచ్చుకున్నారు.

మన కిటికీలోంచి కనిపించేది వేరు. మనకి ఆకు రాలేది శరత్తులో కాదు, శిశిరంలో. మాఘం, ఫాల్గుణం వచ్చి నేలలో తడి తగ్గినప్పుడు, నీళ్ళు పొదుపు చేసుకోవడానికి మన చెట్లు ఆకు విడుస్తాయి. ఆశ్వయుజ, కార్తీకాల్లో ఉత్తరాంధ్ర అంతా తడిసిన పచ్చదనమే. చెరువులు నిండి ఉంటాయి, వరి పొట్ట మీదో పాలకంకి మీదో ఉంటుంది. ఏటి ఒడ్డున రెల్లు పూస్తుంది. మెట్ట చేలలో చోళ్ళు (రాగులు) కోతకొస్తాయి, గోగుచేలు పసుపుపచ్చ పూలు తొడుగుతాయి. ఏజెన్సీ కొండల నుంచి సీతాఫలాల గంపలు దిగుతాయి. నింపాదిగా ఉంటుందనుకునేరు, వాయుగుండాల కాలం కూడా ఇదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీకి ఉద్దానం కొబ్బరి, జీడితోటలు ఏమయ్యాయో శ్రీకాకుళం వాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఇదీ మన శరత్తు. దీన్ని వదిలేసి, ఎక్కడో మంచుకి ముందు రాలే ఆకుని ప్లాస్టిక్‌లో పోతపోయించి మన బల్ల మీద పరచడం నాకు మింగుడుపడదు.

ఇంత మాట అనగానే "విదేశీ వస్తు బహిష్కరణా?" అని నవ్వేవాళ్ళున్నారు. కాదు. నిజానికి మనం దసరాకి గుమ్మానికి కట్టే బంతిపువ్వు పుట్టినిల్లు మెక్సికో. అక్కడి జనం నవంబరు మొదటి రెండు రోజుల్లో, పోయిన పెద్దల కోసం ఆ పూలనే రాశులు పోస్తారు. సీతాఫలం అమెరికా ఖండానిది, తియ్యగుమ్మడీ అంతే, మొక్కజొన్నా అంతే. చేమంతి చైనాది. అవన్నీ ఇక్కడి నేలలో దిగి, ఇక్కడి వానకి తడిసి, మనవైపోయాయి. ఎక్కడ పుట్టిందన్న పేచీ నాకు లేదు, ఇవాళ ఇక్కడ పెరుగుతోందా లేదా అన్నదే చూస్తాను. హాలోవీన్ గుమ్మడికాయ సంగతే తీసుకోండి. ఐర్లండులో, స్కాట్లాండులో ఆ రోజుకి ముఖాలు చెక్కింది టర్నిప్ దుంపల మీద. జనం ఓడలెక్కి అమెరికా వెళ్ళాక అక్కడ గుమ్మడి విరివిగా దొరికింది. దుంప కన్నా పెద్దది, చెక్కడం తేలిక, దాంతో టర్నిప్‌ని వదిలేశారు. ఊరు మారితే వస్తువు మార్చుకున్నారు. మనం ఊరు మారకుండానే వస్తువు మార్చుకుంటున్నాం.

ఇక బల్ల సంగతి. శరత్కాలపు అలంకారాలంటూ వీడియోల్లో చూపించే బల్లకీ మన బల్లకీ పోలిక లేదు. వాళ్ళది గది నడిమధ్య ఉంటుంది, చుట్టూ కుర్చీలు, మధ్యలో జాగా. మనది నూటికి తొంభై ఇళ్ళలో గోడకి ఆనించి ఉంటుంది. దాని మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు, షీటు కింద పాత క్యాలెండరు బొమ్మో పెళ్ళి శుభలేఖో. పైన ఊరగాయ జాడీలు, బీపీ మాత్రల డబ్బా, కరెంటు బిల్లు, ఎవరిదో ఛార్జరు. తినే వేళకి అవన్నీ గోడవైపు జరిపి అన్నం, పప్పు, కూర, పులుసు, పెరుగు గిన్నెలు మధ్యలో పెడతాం. ఒకరు నిలబడి వడ్డిస్తారు. గరిటె అటూ ఇటూ తిరుగుతుంది. ఇందులో "మధ్యలో పెట్టే అలంకారం" ఎక్కడ పెట్టాలి? పులుసు గిన్నె మీదా?

పైన ఫ్యాను. దాన్ని ఏ వీడియోలోనూ చూపించరు. అక్టోబరులో విజయనగరంలో వాన వెలిసిన మర్నాడు ఉక్కపోత ఎలా ఉంటుందో తెలుసు కదా, ఫ్యాను ఆపి అన్నం తినే మనిషి లేడు. తేలికగా ఉన్నదేదైనా ఎగురుతుంది. ఎండు రేకులు, కాగితం పూలు, ఆకులు అన్నీ చారులోకే.

కాబట్టి మనకి పనికొచ్చే అలంకారానికి హద్దులు ముందే గీసుకోవాలి. గోడవైపు అంచున ఉండాలి. ఎదురుగా కూర్చున్నవాళ్ళ ముఖానికి అడ్డం రాకుండా జానెడు ఎత్తు దాటకూడదు, గోడకి ఆనుకుని ఉంటే మూరెడు దాకా పరవాలేదు. బరువైన పాత్రలో ఉండాలి. రాలిపోయేదీ, ఎగిరేదీ, ఘాటు వాసన కొట్టేదీ వద్దు. ఒక చేత్తో ఎత్తి పక్కన పెట్టగలిగి ఉండాలి, ఎందుకంటే చుట్టాలొస్తే ఎత్తేస్తాం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు, దసరా వెళ్ళిన మంగళవారం, విజయనగరంలో ఏ ఇంట్లోనైనా బల్ల చుట్టూ జనం విడతలు విడతలుగా కూర్చుంటారు. ఆ రోజు బల్ల మీద పువ్వు కాదు కదా, మంచినీళ్ళ గ్లాసుకే చోటుండదు. అలంకారం అన్నది దాని ముందూ వెనకా వచ్చే మామూలు రోజులకి.

అసలు పేచీ ఇంట్లోనే వచ్చింది. మా అత్తయ్యది శ్రీకాకుళం వైపు. బల్ల మీద చెంబులో బంతిపూలు చూసి, "తినే చోట పువ్వులేటమ్మా, ఎంగిలి పడవూ?" అంది. ఆ మాటని చాదస్తం అని కొట్టిపారేయడం తేలిక. నేను అలా అనుకోలేదు. మన ఇళ్ళలో పువ్వుకి ఒక వరస ఉంది. మంచి పువ్వు దేవుడికి, తర్వాత జడలోకి, ఆ తర్వాత గుమ్మానికి. తినే చోటుకి వచ్చిన పువ్వు వెనక్కి దేవుడి గదిలోకి పోలేదు. కొన్న బంతులు కాసిని ఉన్నప్పుడు వాటిని బల్ల మీద పెడితే దేవుడి వాటా తగ్గినట్టే ఆవిడ లెక్క. పండగ ముందు రోజు పూల ధర చూసినవాళ్ళెవరూ ఆ లెక్క తప్పనరు.

మరి దేవుడి వాటాలోకి రాని పూల సంగతి? రెల్లుని ఏ పూజలోనూ వాడం. గోగుపువ్వుని కోసి తేవాలని ఎవరికీ తోచదు. ప్రహరీ మీద నుంచి వీధిలోకి విరగబూసే కాగితంపూలకి వాసన లేదని పూజలో చోటు లేదు. గట్ల మీద గడ్డిచామంతి, చేలో కలుపని పీకేసే గునుగు. తెలంగాణలో ఆ గునుగుతో, తంగేడుతో ఏకంగా ఒక పండగే చేసుకుంటారు. మనవైపు వాటికి పిలుపు లేదు. ఇవన్నీ ఏ వరసలోనూ లేని పూలు, ఎవరి వాటాలోనూ లేనివి. బల్ల వాటికే తగిన చోటని నా వాదన. అత్తయ్యకి కూడా ఇక్కడ అభ్యంతరం చెప్పడానికి ఏమీ దొరకలేదు, "పిచ్చిమొక్కలు ఇంట్లోకి తెచ్చుకుంటారా" అని మాత్రం అంది. అదైతే ఒప్పుకుంటాను.

అదీగాక, తిండికీ చెట్టుకీ పడదన్న మాట మనది కానే కాదు. కార్తీకంలో ఉసిరిచెట్టు వెతుక్కుంటూ వెళ్ళి మరీ దాని కింద విస్తళ్ళు వేసుకుంటాం. మొన్నమొన్నటిదాకా కంచమే ఆకు. అరిటాకు కాకపోతే ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకుల విస్తరి, చీపురు పుల్లలతో కుట్టింది. వేడి అన్నం పడగానే ఆకు లేత వాసన వేసేది. ఆ ఆకు ఉన్నన్నాళ్ళూ వేరే అలంకారం కావాలని ఎవరికీ అనిపించలేదు. స్టీలు కంచం, దాని వెనకే ప్లాస్టిక్ షీటు వచ్చాక తినే చోట పచ్చనిది ఏదీ మిగల్లేదు. ఇప్పుడు మనం బల్ల అలంకరించాలని ఉబలాటపడుతున్నది ఆ ఖాళీ వల్లేనేమో.

రెల్లు గురించి కాస్త ఎక్కువే చెబుతాను, నాకు అదంటే పక్షపాతం.

నెల్లిమర్ల దగ్గర చంపావతి ఒడ్డున, ఇసుక మేట వేసిన చోటల్లా దసరా నాటికి రెల్లు తెల్లబడుతుంది. శ్రీకాకుళం వాళ్ళకి నాగావళి, వంశధార ఒడ్లున్నాయి. ఆన్‌లైన్‌లో పాంపాస్ గడ్డి అని ఎండబెట్టిన కుచ్చులు కట్టలు కట్టి అమ్ముతారు. అది దక్షిణ అమెరికా గడ్డి. దానికి పెట్టే డబ్బుతో ఇంటిల్లిపాదీ నెల్లిమర్ల వెళ్ళి, రెల్లు కోసుకుని, దార్లో టిఫిను చేసి రావచ్చు. నేను కొడవలి పట్టుకుని కోస్తుంటే గేదెలు తోలుకెళ్తున్న పెద్దాయన ఆగి, "ఏటమ్మా, రెల్లు పట్టుకెళ్తన్నారు, పాక నేస్తారేటి?" అని అడిగాడు. టేబుల్ మీద పెట్టుకోవడానికి అంటే, ఇంకేం మాట్లాడకుండా గేదెల వెంట వెళ్ళిపోయాడు. ఆయన ప్రశ్నలో అర్థముంది. రెల్లంటే ఆయన తరానికి ఇంటి కప్పు.

ఆ పిచ్చిగడ్డి చరిత్ర తెలిస్తే దాన్ని ఇంకోలా చూస్తాం. రెల్లు చెరకుకి దగ్గరి చుట్టం, అడవి దాయాది. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం పెట్టారు. అక్కడ మందపాటి, రసం ఎక్కువున్న చెరకుని రెల్లుతో సంకరం చేసి 1918లో 'కో 205' అనే రకం ఇచ్చారు. నీటి ఎద్దడినీ చలినీ తట్టుకునే మొండితనం రెల్లు నుంచి వచ్చింది. ఆ తర్వాత దేశమంతా పాకిన 'కో' రకాల వెనక ఈ సంకరం ఉంది. అనకాపల్లి బెల్లం ముక్క నోట్లో వేసుకున్నప్పుడల్లా ఏటి ఒడ్డు గడ్డికి కూడా ఓ దండం పెట్టాలి.

కోసేటప్పుడు తెలియాల్సినవి కొన్ని. రెల్లాకు అంచు రంపమే. పొడుగు చేతుల చొక్కా లేకుండా చెయ్యి పెడితే సన్నగా తెగి సాయంత్రం దాకా మండుతుంది. పొదలో పాములుంటాయి, పట్టపగలే వెళ్ళాలి, ముందు కర్రతో చప్పుడు చెయ్యాలి. బాగా విచ్చుకుని తెల్లగా మెరుస్తున్న కుచ్చుని చూసి మనసు పారేసుకోవద్దు. అది ఇంటికొచ్చేలోపు దూదై రాలుతుంది, ఫ్యాను కింద పెడితే పప్పులో తేలుతుంది. ఇంకా ఆకు మడతలోంచి సగం బయటికొచ్చి, కాస్త ఊదారంగు జీరతో పట్టులా నునుపుగా ఉన్నదాన్ని కోయాలి. ఇంటికి తెచ్చి ఆకులు దూసేసి, కట్టగట్టి, నీడలో తలకిందులుగా వేలాడదీస్తే కాడ నిటారుగా ఎండుతుంది, కుచ్చు విచ్చుకున్నా పెద్దగా రాలదు. పట్టి ఉంచడానికి జుట్టుకి కొట్టే స్ప్రే కొట్టమంటారు వీడియోల్లో. తినే చోట పెట్టేదానికి ఆ రసాయనం ఎందుకు? రాలడం మొదలైతే తీసి బయట పారేయడమే. అది ఊరికే వచ్చింది, ఊరికే పోతుంది.

దీన్ని పెట్టడానికి నేను వాడేది మా ఇంట్లో అటక మీద పడున్న ఇత్తడి చెంబు, బూడితి పనితనం. సరుబుజ్జిలి మండలంలోని ఆ ఊరి కంచు, ఇత్తడి పాత్రలకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మూతి సన్నం, పొట్ట పెద్దది, అడుగు బరువు. అడుగున రెండు గుప్పెళ్ళ ఇసుక పోస్తే కాడలు పెట్టినచోట నిలబడతాయి, చెంబు పడిపోదు. చింతపండుతో తోమి తళతళలాడించాలా అంటే, నేనైతే తోమను. ఆ మసక రంగు మీదే రెల్లు తెలుపు బాగుంటుంది. ఇది నా అభిరుచి, తోముకునేవాళ్ళు తోముకోండి.

రెల్లు కన్నా బల్లకి నూటికి నూరుపాళ్ళు సరిపోయేది మాత్రం చోడి కంకి. పట్నంలో రాగులంటారు, మాకు చోళ్ళు. విజయనగరం మెట్టపొలాల్లో, సాలూరు, పార్వతీపురం వైపు కొండవాలుల్లో వానాకాలం పంట ఈ రోజుల్లోనే కోస్తారు. కంకి కొసన నాలుగైదు వేళ్ళు లోపలికి ముడుచుకుని, చంటిపిల్ల పిడికిలి మూసినట్టు ఉంటుంది. ఎండితే ముదురు గోధుమరంగు. ఫ్యాను ఎంత తిరిగినా ఎగరదు, గట్టిగా తడితే తప్ప గింజ రాలదు, వాసన లేదు, నీళ్ళు అక్కర్లేదు. కోత కోస్తున్న రైతుని ఒక గుప్పెడు అడిగితే కాదనరు, కానీ అడిగే తీసుకోవాలి, డబ్బివ్వబోవాలి. గట్టు మీద నుంచి విరుచుకుని బండెక్కేయడం దొంగతనమే, ఫోటో ఎంత బాగా వచ్చినా సరే.

కంకుల్ని రెండు రోజులు ఎండలో పెట్టి పాత తవ్వలో నిలబెట్టండి. తవ్వ, సోల, గిద్ద లాంటి కొలపాత్రలు మీ ఇంట్లో లేకపోతే అమ్మమ్మగారింట్లో ఎక్కడో ఉంటాయి. బియ్యం కొలిచిన పాత్రలోనే కంకులు పెడితే చూడ్డానికి అతికినట్టుంటుంది. అడుగున కొంచెం ఊక పొయ్యాలి, నాలుగు ఎండు వేపాకులు వేస్తే పురుగు తొందరగా పట్టదు. వరి కంకులైతే కార్తీకం చివర దాకా ఆగాలి. మా వైపు చాలామంది వేసే శ్రీకాకుళం సన్నాలు, రాగోలు పరిశోధనా స్థానం ఇచ్చిన రకం, కంకి సన్నగా పొడుగ్గా వంగి ఉంటుంది. అది చెంబు అంచు మీద నుంచి ఒక పక్కకి వాలితే చాలు, మనం సర్దాల్సింది ఏమీ ఉండదు. పచ్చిగా కోసిన పాలకంకి మాత్రం ముడుచుకుపోతుంది, పైగా పంట నష్టం. పండాకే తేవాలి.

బల్ల మీద పొడుగ్గా పరిచే పట్టీ సంగతికొస్తే నాకు నవ్వూ బాధా రెండూ వస్తాయి. శరత్కాలపు 'పల్లెటూరి అందం' అని అమ్మే ముతక గోనె పట్టీలు, చుట్టూ కుచ్చులతో, ప్లాస్టిక్ కవర్లో వస్తాయి. నార పండే ఊళ్ళో ఉండి నారే కొనుక్కుంటున్నాం! రాష్ట్రంలో గోగునార ఎక్కువగా పండే నేల విజయనగరం, శ్రీకాకుళం వైపే. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధనా స్థానంలో గోగు రకాల మీదే పని చేశారు. తొలకరికి విత్తి, పూత మీదున్నప్పుడు అక్టోబరు, నవంబరుల్లో కోసి, కట్టలు కట్టి చెరువులో ఊరేస్తారు. రెండు మూడు వారాలకి బెరడు కుళ్ళి నార విడుతుంది. ఆ రోజుల్లో చెరువుగట్టు మీదుగా బస్సు వెళ్తుంటే అద్దాలు వేసుకునేవాళ్ళం, అంత వాసన. నడుం లోతు నీళ్ళలో నిలబడి నార తీసేవాళ్ళ చేతులు నీరుకి తెల్లగా నాని ఉండేవి. ఆ నార తినే మిల్లులు జిల్లాలో ఒక్కొక్కటిగా మూతపడుతూ వచ్చాయి, గోగు వేసే రైతులూ తగ్గారు. ఇప్పుడు అదే గోనె మనకి అలంకార వస్తువుగా తిరిగొచ్చింది.

గోగునార దొరికితే మూడు పాయలుగా జడ అల్లి, ఆ జడని బల్లకి గోడవైపు అంచు వెంట పరవండి. ముందు నారని నీళ్ళలో ముంచి, దులిపి, నీడలో ఆరబెట్టాలి, లేకపోతే పీచు గుచ్చుకుంటుంది, పాత వాసన కొద్దిగా ఉంటుంది. అల్లడం రానివాళ్ళు ఎవరున్నారు, జడ వేయడం వచ్చిన చెయ్యి చాలు. మగపిల్లలకి కూడా ఇదో మంచి పని, మా ఇంట్లో నా కంటే మా అబ్బాయి బిగువుగా అల్లుతాడు. నార దొరక్కపోతే బియ్యం బస్తా గోనె ముక్క కత్తిరించి అంచుల్లో నాలుగు పోగులు లాగేస్తే కుచ్చు అదే వస్తుంది. గోగుపువ్వు కూడా బల్ల మీదకి తేవచ్చు. లేత పసుపు రేకులు, గొంతులో ముదురు ఎరుపు. ఉదయం కోసి గాజు గ్లాసులో పెడితే సాయంత్రానికి వాడిపోతుంది. ఒక్కపూట అందానికి నాకేం ఇబ్బంది లేదు.

పండ్లు సులువు. సీతాఫలాలు, దబ్బకాయలు, ఉసిరికాయలు ఒక వెడల్పు పళ్ళెంలో కలిపి పెడితే అదే శరత్తు. సీతాఫలం మాత్రం కన్ను విచ్చిన రోజే తినేయాలి, మర్నాటికి చీమలు బారులు తీరతాయి. తియ్యగుమ్మడికాయ కోయకుండా పెడితే వారాలు నిల్వ ఉంటుంది, తర్వాత దప్పళంలోకి. బూడిదగుమ్మడి వద్దు. మన ఊళ్ళో దాన్ని చూడగానే దిష్టి గుర్తొస్తుంది, దసరాకి బళ్ళ ముందు పగలగొట్టిన ముక్కల మీద జారిపడ్డ స్కూటర్లూ గుర్తొస్తాయి.

బంతిపూలే కావాలనుకుంటే పండగ అయిన మర్నాడు మార్కెట్టుకి వెళ్ళండి. ముందు రోజు బేరమాడనివ్వని పూలావిడ ఆ రోజు పిలిచి మరీ పోస్తుంది. కాస్త లోతున్న పళ్ళెంలో నీళ్ళు పోసి, తొడిమ దాకా తుంచిన పూలు మాత్రం తేలించండి. కాడతో చెంబులో పెడితే నీళ్ళలో మునిగిన ఆకు కుళ్ళి రెండో రోజుకే కంపు కొడుతుంది, కాబట్టి కింది ఆకులన్నీ గిల్లేయాలి. నీళ్ళు రోజూ పారబోసి మార్చాలి. ఇది పూల కోసమే కాదు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీళ్ళలోనే, వారం పది రోజుల్లో దోమై లేస్తుంది, అక్టోబరు దాని సీజను. అందం కోసం పెట్టిన పళ్ళెం ఆస్పత్రి బిల్లు తేకూడదు.

దీపాలూ కొవ్వొత్తులూ తినే బల్ల మీద నాకు ససేమిరా ఇష్టం లేదు. ఫ్యాను సంగతి ఒకటి. ఇంకోటి పురుగులు. వరిచేలకి దగ్గరున్న ఊళ్ళలో దీపావళి రోజుల్లో ట్యూబులైటు చుట్టూ ముసిరే పచ్చదోమలు తెలియని ఇల్లుందా? వెలుగు ఎక్కడుంటే అక్కడికే వస్తాయి. రాత్రి భోజనాల దగ్గర ప్రమిద పెట్టడమంటే వాటికి విస్తరి వేయడమే. హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేక కొవ్వొత్తి వెలుగులో అన్నం కలుపుకున్నవాళ్ళకి 'క్యాండిల్ లైట్ డిన్నర్' అంటే ఏం సరదా ఉంటుంది? ప్రమిదలు అరుగు మీద, తులసికోట దగ్గర, మెట్ల మీద చక్కగా ఉన్నాయి. వాటిని అక్కడే ఉండనిద్దాం.

మా వదిన ఇదంతా విని సూటిగా అంది: "ముగ్గు, పూజ, వంట, పిల్లల హోంవర్కు, ఇప్పుడు టేబుల్ కూడానా? ఎవరు చేస్తారు తల్లీ?" ఆవిడ స్కూల్లో పాఠాలు చెప్పి అయిదింటికి ఇల్లు చేరే మనిషి. ఈ ప్రశ్న నాకు అత్తయ్య ఎంగిలి ప్రశ్న కన్నా గట్టిది. శరత్కాలపు అలంకారాల వీడియోల్లో కనిపించే ఆడవాళ్ళు మధ్యాహ్నమంతా జిగురు తుపాకీ పట్టుకుని కూర్చుంటారు. వాళ్ళ టైము వాళ్ళది. మన ఇళ్ళలో ఇది ఇంకో బాధ్యతై, 'వాళ్ళింట్లో చూడు ఎంత బాగా పెట్టారో' అన్న టెన్షనై ఆడవాళ్ళ నెత్తిన పడేటట్టయితే, ఆ బల్ల మీద మందుల డబ్బాలే ఉండనివ్వండి, నేనూ ఆ పక్షమే. అందుకే టీ మరిగేలోపు అయిపోని దేన్నీ నేను పెట్టుకోను. చెంబులో కాసిని కాడలు గుచ్చడానికి అంతకన్నా అవసరం లేదు. కోసుకొచ్చే పని ఆదివారం పూట ఇంట్లో అందరిదీ. ముఖ్యంగా రెల్లు కోయడానికి కొడవలి పట్టగలిగిన మగవాళ్ళు ఇంట్లో ఉంటే, వాళ్ళకి అంతకన్నా ఘనకార్యం ఏముంది? వదిన ఒప్పుకోలేదు, కానీ చోడి కంకులు ఒక గుప్పెడు తీసుకెళ్ళింది.

ప్లాస్టిక్ ఆకులే నయం, ఏటా వాడుకోవచ్చు కదా అనే వాదన కూడా విన్నాను. నిజమే, వాడుకోవచ్చు. నవంబరులో దులిపి, మడిచి, అట్టపెట్టెలో పెట్టి, అటక ఎక్కించి, మళ్ళీ అక్టోబరులో దించాలి. నూనె ఆవిరీ దుమ్మూ కలిసి ఆకుల మీద జిడ్డు పేరుకుంటుంది, ఉతికితే రంగు దిగుతుంది. మూడో ఏటికి చూడబుద్ధి కాదు, పారేయడానికి మనసొప్పదు. కొన్నది కదా. వాడిపోయేదానితో ఆ బెడద లేదు. కంకులు పిచ్చుకలకో కోళ్ళకో, రెల్లు పెరట్లో మొక్కల మొదళ్ళకి, పండ్లు మన పొట్టలోకి. నాలుగైదు రోజులకి బల్ల ఖాళీ అవుతుంది, ఆ ఖాళీలో మళ్ళీ కరెంటు బిల్లు వచ్చి కూర్చుంటుంది. వచ్చే వారం గట్టు మీద ఏముందో చూసుకోవాలి.

ధనుర్మాసం వచ్చేదాకా ఇలా గడిచిపోతుంది. అప్పటికి గుమ్మడిపాదులు పూస్తాయి, ఆ పసుపు నా కంటికి బంతిపువ్వు కన్నా బాగుంటుంది, కాసిని మగపూలు కోసినా కాయకి నష్టం లేదు. కానీ అవి గొబ్బెమ్మల పూలు, వరసలో ఉన్నవి. వాటిని బల్ల మీదకి తేవచ్చా కూడదా అన్న విషయంలో అత్తయ్యకీ నాకూ ఇంకా తేలలేదు. గొబ్బెమ్మలకి పెట్టగా మిగిలినవైతే పరవాలేదని నేనంటాను. పువ్వు మిగిలిందంటే గొబ్బెమ్మలు తక్కువ చేశావని ఆవిడంటుంది.